ప్రూఫులు సంచిలో పెట్టుకుని పెన్న ఒడ్డుకి

జనవరి ఆఖర్లో నా నవల డీటీపీ (కంప్యూటర్లో టైపు చేసి పేజీలు కట్టడం) పూర్తయి, తప్పులు దిద్దడానికి మొదటి ప్రూఫు చేతికొచ్చింది. డెమ్మీ సైజులో సరిగ్గా 176 పేజీలు, అంటే పదహారు పేజీలకి ఒకటి లెక్కన 11 ఫారాలు. కథంతా నెల్లూరు వైపు పెన్న పక్కన కయ్యల్లో, అంటే వరి మళ్లల్లో నడిచేది, ప్రూఫు కూడా అక్కడే కూర్చుని దిద్దుకోవాలనిపించి విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కేశా. ఆ రైలుకి పెట్టింది కూడా పెన్నకున్న ఇంకో పేరే కదా.

మొదట మైపాడు బీచ్ దగ్గర ఒక రిసార్టులో మూడు రోజులున్నా. గది శుభ్రంగా ఉంది, చేపల పులుసు ఎంత బాగుందంటే రెండో రోజు పొద్దున మిగిలింది అడిగి మరీ టిఫిన్‌లోకి వేయించుకున్నా, మామిడికాయ ముక్క నిద్రపోయి లేచాకే ఆ పులుసుకి అసలు రుచి. కానీ ఉప్పుగాలికి కాయితాలు మెత్తబడిపోయి పెన్ను సరిగ్గా పడేది కాదు, ఆదివారం వచ్చిందంటే ఒకటే జనం, స్పీకర్లు. సముద్రం కోసం వెళ్లేవాళ్లకి వారం మధ్యలో అయితే నేను గట్టిగా చెప్తా వెళ్లమని. ప్రూఫు పనికి మాత్రం వద్దు.

తర్వాత పెంచలకోన. నరసింహస్వామి గుడి దగ్గర సత్రంలో రెండు రాత్రులు. చుట్టూ కొండలు, తెల్లారుజామున పిట్టల అరుపులు తప్ప ఇంకేం వినపడదు, మనసు అంత కుదురుగా ఈమధ్య ఎక్కడా లేదు. శనివారం రద్దీ ఉంటుంది, మిగతా రోజులు హాయి. ఇబ్బందల్లా సిగ్నల్. దిద్దిన పేజీలు ఫొటో తీసి డీటీపీ అబ్బాయికి పంపాలంటే రాపూరు దాకా వెళ్లాల్సొచ్చింది. కొత్తగా రాసుకునేవాళ్లకి అంతకంటే మంచి చోటు నేను చెప్పలేను, అచ్చు పనిలో ఉన్నవాళ్లకి కుదరదు.

చివరికి ఇందుకూరుపేట మండలంలో, పల్లిపాడు దగ్గర్లో ఒక ఊళ్లో డాబా మీద గది దొరికింది, నెలకి 4,500. అక్కడే నెలన్నర ఉండిపోయా. గది చిన్నది, బాత్రూం మెట్ల కింద, మధ్యాహ్నం స్లాబు కాలేది. రాత్రుళ్లు దూరంగా రొయ్యల గుంటల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరిగే చప్పుడు తెల్లార్లూ, మొదటి వారం నిద్రే లేదు, తర్వాత అది లేకపోతే నిద్ర రానంతగా అలవాటైపోయింది. సాయంత్రాలు పల్లిపాడులో పినాకిని ఆశ్రమం వైపు నడిచేదాన్ని, 1921 ఏప్రిల్ 7న గాంధీగారొచ్చి ప్రారంభించిన చోటు, నది పక్కనే. దిద్దాల్సిన పేజీలు ఒక పది పట్టుకెళ్లి వెలుగు ఉన్నంతసేపు చదువుకునేదాన్ని. నెల్లూరుకి వెళ్లి రావడానికి ఆటోలు, బస్సులు దొరుకుతాయి, తిరిగొచ్చేటప్పుడు పుల్లబొంగరాలు పొట్లం కట్టించుకురావడం నా రివాజు.

అసలు ఆ ఇంటి గురించి చెప్పాలి. ఇంటి పెద్దమ్మకి కళ్లల్లో శుక్లాలు, చదవడం కుదరదు. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని ‘ఏం రాశావో చదువమ్మా’ అనేది. నేను కళ్లతో రెండుసార్లు చదివి బాగుందనుకున్న పేజీని పైకి చదువుతుంటే మధ్యలో ఆపింది. ‘అదేందమ్మా, కొయ్యలో నీళ్లుండేదేంది?’ అంది. చూస్తే ఏముంది, డీటీపీలో ‘కయ్య’ అన్నదల్లా తప్పనుకుని ‘కొయ్య’ చేసేశారు, 14 చోట్ల. ‘ఆమె ఎలబారింది’ (బయల్దేరింది) అన్నది ‘ఆమె తెలవారింది’ అయి కూర్చుంది. మన ఊరి మాట తప్పు అయిపోవడం నాకు కళ్లనీళ్లు తెప్పించింది, నిజంగా. ఆ రాత్రి నుంచి పుస్తకం మొత్తం ఆమెకి వినిపించా, రోజుకి పది పన్నెండు పేజీలు.

నా తప్పు కూడా ఆమే పట్టింది. కోతకి రెండు రోజుల ముందు ఒకడు కయ్యకి నీళ్లు పెట్టినట్టు రాశా. ‘కోత ముందర నీళ్లు తీసేస్తారమ్మా, పెడితే మిషను దిగబడిపోదా’ అంది. ఆ సీను మార్చాలంటే అరపేజీ పెరుగుతుంది, పెరిగితే 176 దాటి పన్నెండో ఫారం మొదలవుతుంది, ఖర్చు పెరుగుతుంది, అందుకని నాకెంతో ఇష్టమైన ఒక వాన వర్ణన తీసేసి చోటు చేశా. ఇప్పటికీ దానికి బాధ లేదు, నీళ్ల సంగతి సరిగ్గా ఉండటమే ముఖ్యం.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) ముందే ఆన్‌లైన్లో తీసుకున్నా, దానికి ఫీజు లేదు, ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి. ప్రింటింగ్ నెల్లూర్లోనే ఒక ప్రెస్సులో, 500 కాపీలు. ముప్పై కాపీల దాకా ఒక ఫారం తలకిందులుగా బైండయింది, ఫోన్ చేస్తే మారు మాట్లాడకుండా మార్చిచ్చారు, వాళ్లకి నా దండం. పోస్టు మాత్రం ఇదివరకటిలా లేదు, చవగ్గా వెళ్లే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబర్లో ఎత్తేశారు, 2025లో రిజిస్టర్డ్ పోస్ట్ కూడా స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది, అందుకే పుస్తకం ధర వేసేటప్పుడే పోస్టేజీ లెక్క చూసుకోండి. ఊళ్లో పోస్టుమాస్టరు గారు ‘మేడం, అన్నీ ఒకేసారి తేకండి, రోజుకి ఇరవై తెండి, సాయంత్రం బ్యాగులో పంపించేస్తా’ అని ఓపిగ్గా చేసిపెట్టారు. కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చట్టం ప్రకారం ఇంకో మూడు లైబ్రరీలకి వెళ్లాల్సిన కాపీలు కూడా అక్కడ్నుంచే పంపా.

మార్చిలో కోత మిషన్లు దిగాయి, దుమ్ముకి కిటికీ తెరవలేకపోయా, సర్దుకున్నా. బయల్దేరే రోజు మొదటి కాపీ పెద్దమ్మ చేతిలో పెట్టా. అట్టని అటూ ఇటూ తడిమి, లోపలికెళ్లి ఇనప్పెట్టె తీసి, పొలం పాసుపుస్తకాల పక్కన పెట్టి తాళం వేసింది.