ల్యాప్‌టాప్ కొనేవాళ్లు జాగ్రత్త: ఏ మార్పు చేస్తే వారంటీ పోతుందో ముందే రాయించుకోండి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్లు ఇది చదివి వెళ్లండి. షాపు పేరు, కంపెనీ పేరు రాయను, పంచాయితీ ఇంకా నడుస్తోంది.

తమ్ముడు ఇంజనీరింగ్‌లో చేరాడని కొన్నాం. విండోస్ లేని మోడల్, అందుకే నాలుగు డబ్బులు తక్కువ. 8 జీబీ ర్యామ్ చాలదని కౌంటర్ దగ్గర కుర్రాడే చెప్పి ఇంకో 8 జీబీ వేశాడు. విండోస్ కూడా ఆ బల్ల మీదే ఎక్కించి ఇచ్చాడు. కొన్ని నెలలకి స్క్రీన్ మీద నిలువు గీతలు. వారంటీ ఉంది కదా అని సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తే, వెనక మూత విప్పి చూసి, "మార్పులు చేసేసినారు, వారంటీ రాదండి" అన్నారు.

"ఏటి మార్పు?" అంటే ఒకాయన ర్యామ్ అన్నాడు. మరి రెండో స్లాటు ఖాళీగా ఉంచి అమ్మింది కంపెనీయే కదా, దేనికి ఉంచినట్టు? పక్కనున్నాయన ర్యామ్ కాదు, సాఫ్ట్‌వేర్ అన్నాడు. విండోసే లేకుండా అమ్మినదానికి విండోస్ వేసుకోక ఏం చేస్తారు బాబూ! వారంటీ కార్డులో ఉన్నది ఒక్క ముక్క: అనుమతి లేని హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ మార్పులు చేస్తే వారంటీ చెల్లదు. ఎవరి అనుమతో, ఏవి మార్పులో, ఎక్కడా లేదు. గట్టు లేని చేలో గట్టు దాటావని తగువుకొచ్చినట్టుంది.

ర్యామ్ వల్ల స్క్రీన్ ఎలా పోయిందో రాసివ్వమన్నాను. నోటితో ఎన్నైనా చెప్పారు గానీ కాగితం మీద పెట్టలేదు. షాపాయనకి ఫోన్ చేస్తే "కంపెనీ రూలండి, మాకేటి సంబంధం?" ర్యామ్‌కి డబ్బులు తీసుకున్నది ఆయనే. బిల్లు మాత్రం తెల్లకాగితం మీద చిట్టీ.

కార్ల విషయంలో ఈ గొడవ ఎప్పుడో అయింది. 2014లో కాంపిటీషన్ కమిషన్ (కంపెనీలు పోటీని తొక్కెయ్యకుండా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల జరిమానా వేస్తూ, బయటి మెకానిక్ చెయ్యి పడిందని మొత్తం వారంటీ తీసెయ్యకూడదు, ఆ పని వల్ల చెడినంతవరకే కాదనొచ్చు అంది. కంపెనీలు అప్పీలుకెళ్లాయి, అది వేరే కథ. ఆ ఆర్డరు ల్యాప్‌టాప్‌లకి రాసింది కాదు గానీ, మనం అడగాల్సిన ప్రశ్న అందులోనే ఉంది: నా మార్పు వల్లే ఇది చెడిందా?

కొనేటప్పుడే ర్యామ్ కంపెనీ, సీరియల్ నంబరు అసలు బిల్లులో వేయించండి. షాపులోనే వేశామనీ, వారంటీకి అడ్డు రాదనీ కింద రాసి స్టాంపు కొట్టమనండి. కొట్టనంటే ఆ షాపులో ర్యామ్ వేయించకండి. విండోస్ వేస్తే లైసెన్సు కీ అడగండి, చాలామంది దొంగ కాపీయే ఎక్కిస్తారు. సర్వీస్ సెంటర్‌లో కాదంటే కారణం జాబ్ షీటు (రిపేరుకి తీసుకున్నప్పుడు వాళ్లు రాసే కాగితం) మీద రాయించుకోకుండా మెట్లు దిగకండి.

నేను 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు పెట్టాను, తెలుగులోనే మాట్లాడొచ్చు. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్తాను. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు.

విజయనగరం, బొబ్బిలి వైపు ఎవరికైనా ఇదే జవాబు వచ్చుంటే, మీ జాబ్ షీటులో ఏం రాశారో కింద పెట్టండి. నా ఫిర్యాదుకి పనికొస్తుంది.