వంటగట్టు మీద తొక్కల డబ్బా: స్టీలా, ప్లాస్టిక్కా, ఫ్రిజ్జా?

మిద్దె తోట మొదలుపెట్టినవాళ్లు కంపోస్టు డ్రమ్ము గురించి ఒక్కసారి అడిగితే, వంటింట్లో తొక్కలు దేంట్లో వేసుకోవాలని పదిసార్లు అడుగుతున్నారు. అడగాల్సిందే, ఎందుకంటే నేను చూసినంతలో చాలామంది కంపోస్టు మానేసింది డ్రమ్ము దగ్గర కాదు, వంటగట్టు దగ్గరే.

మా ఇంట్లో ఇప్పుడున్నది రెండు లీటర్ల పాత స్టీలు డబ్బా, ఒకప్పుడు కందిపప్పు పోసుకున్నది. అంతకుముందు మూత బిగుతుగా పట్టే పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్ ఉండేది. రెండిటికీ అసలు తేడా స్టీలు, ప్లాస్టిక్ అన్నదాంట్లో లేదు, సైజులో ఉంది. నలుగురం ఉంటాం, రోజుకి లీటరున్నర, రెండు లీటర్ల తొక్కలొస్తాయి. పది లీటర్ల బకెట్ నిండేదాకా దాన్ని ఎవరూ కదిలించరు. ఐదో రోజు మూత తీస్తే సొరకాయ గుజ్జు, టమాటా తొడిమలు, టీ పిప్పి అన్నీ కలిసి అడుగున నీరు ఊరి ఉండేది, గాలాడక పుల్లటి కుళ్లు వాసన గుప్పున కొట్టేది. మామిడిపళ్ల రోజుల్లో అయితే మరీను, తొక్కల మీద చిన్న ఈగలు పెట్టిన గుడ్లు ఎనిమిది, పది రోజుల్లోనే ఈగలైపోతాయి. రెండు లీటర్ల డబ్బా రాత్రి గిన్నెలు తోమే వేళకి నిండిపోతుంది, పైకి తీసుకెళ్లక తప్పదు. కాబట్టి మీ ఇంట్లో ఒక్క రోజు తొక్కలు పట్టేంత డబ్బా చాలు, అంతకన్నా పెద్దది వద్దు.

సైజు కుదిరాక నా ఓటు స్టీలుకే. వేడినీళ్లతో కడిగితే ఉల్లిపాయ వాసన కూడా పోతుంది, ప్లాస్టిక్ గీతలు పడ్డాక ఎంత తోమినా ఆ వాసన వదలదు. నోరు వెడల్పుగా ఉండాలి, చాపింగ్ బోర్డు అంచు ఆనించి బీరకాయ చెక్కు ఒక్క తోపుతో లోపల పడేటట్టు. మూత బిగించక్కర్లేదు, పైన ఒక పళ్లెం బోర్లిస్తే చాలు. అడుగున న్యూస్‌పేపర్ ముక్క మడతపెట్టి వేస్తే తడి పీల్చుకుంటుంది, బోర్లించగానే తొక్కలన్నీ ఒకేసారి జారిపోతాయి, కాగితం కూడా డ్రమ్ములోకే.

డబ్బులు పెట్టడం ఇష్టం లేకపోతే ఐస్‌క్రీమ్ డబ్బా వాడండి, తప్పేం లేదు, వాసన పట్టేశాక మార్చేయొచ్చు.

అపార్ట్‌మెంట్లో ఉండి రెండు మూడు రోజులకోసారి గానీ కిందకి తీసుకెళ్లలేనివాళ్లకి మాత్రం ఫ్రీజరే మేలు. వాసన, ఈగల గొడవే ఉండదు, పైగా గడ్డకట్టి కరిగిన తొక్కలు మెత్తబడి త్వరగా కుళ్లుతాయి. కాకపోతే నీరు ఎక్కువ వదులుతాయి, ఎండుటాకులో కొబ్బరి పొట్టో మామూలుకన్నా ఎక్కువ కలపాలి. ఫ్రీజర్‌లో చోటుండాలి, ఇంట్లోవాళ్లూ ఒప్పుకోవాలి.

బొకాషి బకెట్, అంటే మిగిలిన తిండి మీద సూక్ష్మజీవులున్న పొడి చల్లి గాలి తగలకుండా పులియబెట్టే బకెట్, వండిన అన్నం, కూరలు మిగిలే ఇళ్లకి పనికొస్తుంది, కానీ దానికి విడిగా పొడి కొనాలి, నిండాక రెండు వారాలు ఊరబెట్టి మట్టిలో కప్పాలి. మట్టి కుండ చూడ్డానికి బాగుంటుంది గానీ రోజూ కడిగే వస్తువు కాదది.

ఏ డబ్బా తీసుకున్నా సింకుకీ కత్తిపీటకీ మధ్యలో, చేతికందేటట్టు పెట్టండి. సింకు కింద అలమరలో దాచిన డబ్బాని రెండో వారానికల్లా మర్చిపోతారు.