టెలిస్కోపు మీద ఫిర్యాదు లేదు, దాని ఫోన్ హోల్డరుతోనే పేచీ

114 మి.మీ. అద్దం, 900 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోపు) ఎలా ఉంటుందో ఇప్పటికే చాలామంది రాశారు, మళ్ళీ ఆ లెక్కలు ఎందుకు. విజయవాడలో డాబా మీద రెండేళ్ళు దాటి వాడాక నాకు మిగిలిన కోపమల్లా డబ్బాలో ఉచితంగా వచ్చిన ఫోన్ హోల్డరు మీదే. చంద్రుడి ఫోటో సరిగా రాకపోతే కొత్తవాళ్ళు అద్దాన్నీ గాలినీ తమ చేతి నిలకడనీ అనుమానిస్తారు. ముందు ఈ హోల్డరుని అనుమానించండి.

దీనికి రెండు పట్లు. ఒకటి ఫోన్‌ని పట్టుకుంటుంది, రెండోది ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) మెడని. మెడని పట్టే దవడల లోపల సన్నటి రబ్బరు పట్టీ జిగురుతో అంటించి ఉంటుంది. మొదటి చలికాలం అది బాగానే పనిచేసింది. ఏప్రిల్ వచ్చేసరికి పై అంతస్తు గది వేడికి ఆ జిగురు పాకంలా సాగి, పట్టీ దవడలోంచి నాలుకలా బయటికి వేలాడింది. ఆ తర్వాత ఫోను తన బరువుకి తానే మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. కెమెరా లెన్సు ఐపీస్ మధ్య నుంచి రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగితే చాలు, ఫోటోలో ఒక పక్క నల్లటి కొడవలి నీడ పడుతుంది. పోనీ మర ఇంకాస్త బిగిద్దామా అంటే, ఆ ఇనుప మర ఎక్కేది ప్లాస్టిక్కులోకి. నాలుగుసార్లు గట్టిగా తిప్పితే చుట్లు అరిగి వట్టినే తిరుగుతుంది.

బాగుచేసే పద్ధతి ఇది. పాత జిగురుకి కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. పెట్రోలు మాత్రం వద్దు, ప్లాస్టిక్కుని తింటుంది. తర్వాత స్పిరిట్‌తో నూనె జిడ్డంతా పోగొట్టాలి. పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు ముక్క అడిగితే ఊరికే ఇస్తారు. దవడ వెడల్పుకి కత్తిరించి, ఒక వైపు గరుకు కాగితంతో రుద్ది, చెప్పులు అంటించే జిగురు రబ్బరుకీ దవడకీ రెండింటికీ పలుచగా పూయాలి. పది నిమిషాలాగి, వేలికి అంటనంతగా ఆరాక నొక్కి, రాత్రంతా వదిలేయాలి. తొందరపడి తడిగా ఉండగా అంటించారో, మళ్ళీ అదే కథ. ఇలా వేసిన అతుకు మరుసటి రోహిణి కార్తెకి కూడా కదల్లేదు.

పట్టు కుదిరినా బరువు సంగతి ఉంది. న్యూటోనియన్‌లో ఐపీస్‌ని పట్టి ఉంచే ఫోకసర్, గొట్టం మూతి దగ్గర ఉంటుంది. అక్కడ 200 గ్రాముల ఫోను, పైన హోల్డరు వేలాడితే గొట్టం ముందుకి వాలుతుంది, చంద్రుడు చట్రంలోంచి జారిపోతాడు. వెనక చివర అరకిలో కందిపప్పు పొట్లం కడితే తూకం సరిపోతుంది. ముందుకీ వెనక్కీ జరుపుతూ మీ ఫోనుకి తగిన చోటు చూసుకోండి.

ఏ నెలలో తీస్తున్నారన్నదీ లెక్కే. దసరా రోజుల్లో అష్టమి చంద్రుడు సాయంత్రం దక్షిణాన ఉంటాడు, ఈ మధ్య సంవత్సరాల్లో నలభై అయిదు డిగ్రీల ఎత్తుకి అటూ ఇటూగా. అప్పుడు ఈ హోల్డరు బుద్ధిగానే ఉంటుంది. అదే ఫాల్గుణ అష్టమికి నడినెత్తి దగ్గర, కాస్త ఉత్తరంగా నిలబడతాడు. గొట్టం దాదాపు నిట్టనిలువు, ఐపీస్ అడ్డంగా, ఫోను బరువంతా ఒక్క చిన్న మర మీద. ఐపీస్ ఓ వెంట్రుకవాసి వాలినా ఫోటోలో ఒక అంచు స్పష్టంగా, రెండో అంచు అలుక్కుపోయినట్టు వస్తుంది. గంట ఆగి చంద్రుడు పడమటికి వాలాక తీయడమే మేలు.

10 మి.మీ. ఐపీస్‌ని మొదట్లో తెగ పొగిడాను. కంటితో చూడ్డానికి ఆ మాట ఇప్పటికీ నిజమే. ఫోనుకైతే 25 మి.మీ. నయం. పది దాంట్లో కన్ను పెట్టాల్సిన దూరం చాలా తక్కువ, ఫోను లెన్సు అంత దగ్గరికి చేరాలంటే వెనక కవరు తీసేయాల్సిందే. పైగా దాంతో వచ్చే 90 రెట్లకి చంద్రుడు చట్రంలో బొటాబొటిగా పడతాడు, రెండు నిమిషాల్లో దాటిపోతాడు. 25 దాంతో వచ్చే 36 రెట్లకి చుట్టూ చోటు మిగులుతుంది.

ఫోన్ ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 50 పెట్టి, 25 మి.మీ.తో అష్టమికి 1/500 సెకను, పౌర్ణమికి 1/1000 లేదా ఇంకా తక్కువ. 10 మి.మీ.తో అష్టమికి 1/125, పౌర్ణమికి 1/250. ఫోన్ ఫోకస్‌ని అనంతానికి బిగించి, అసలు ఫోకస్ టెలిస్కోపు చక్రంతోనే చేయాలి. నైట్ మోడ్, చంద్రుణ్ణి గుర్తుపట్టి మెరుగులు దిద్దే మోడ్ రెండూ ఆపేయండి, లేకపోతే అది ఫోను గీసిన చంద్రుడవుతుంది. ట్రైపాడ్ ఊగుడు తగ్గడానికి నాలుగు సెకన్లు పడుతుంది కాబట్టి టైమరు 5 లేదా 10 సెకన్లు. బొమ్మ తలకిందులుగా వస్తే 180 డిగ్రీలు తిప్పితే చాలు. అద్దంలోలా కుడిఎడమలు మార్చారంటే చంద్రుడి మీది టైకో బిలం ఉండకూడని పక్కకి పోతుంది.

సప్తమి నుంచి దశమి దాకా తీయండి. పౌర్ణమికి నీడలుండవు, అప్పడంలా ఉంటుంది. బెంజి సర్కిల్ దీపాలు చంద్రుడికి అడ్డేమీ కాదు. అడ్డల్లా పగలంతా కాగిన డాబా. రాత్రి పది దాటేదాకా దాని సెగకి బిలాల అంచులు నీళ్ళలో ఉన్నట్టు వణుకుతాయి. ఏసీ గదిలోంచి గొట్టం తెస్తే మన ఉక్కకి ఐపీస్ మీద వెంటనే చెమ్మ పడుతుంది. మామూలు గదిలో ఉంచి, అరగంట ముందు పైకి చేర్చండి.

కొనాలా అంటే, డాబా తాళం మీ దగ్గర ఉండి, ఫోను తేలికదైతే ఈ హోల్డరుకే సైకిల్ ట్యూబు వేసుకుని నెట్టుకురావచ్చు. మూడు నాలుగు లెన్సుల బరువైన ఫోనైతే లోహపు హోల్డరు విడిగా కొనుక్కోండి. డీఎస్ఎల్ఆర్ తగిలిద్దామనుకునేవాళ్ళు ఒకటి చూసుకోవాలి, ఇలాంటి చాలా గొట్టాల్లో బార్లో (మధ్యలో పెట్టే అదనపు లెన్సు) లేకుండా ఫోకస్ అందదు. నేను తీసేది ఒకే వెనక కెమెరా ఉన్న పాత ఫోనుతో, పైన చెప్పిన సెకన్లు కూడా దానికి కుదిరినవే.