మా 1300 సీసీ టూరింగ్ కారు: ఆరు సీజన్లు తిప్పాక

మిర్యాలగూడలో మాది బాయిల్డ్ రైస్ మిల్లు. ఊక కుప్పకు అవతల, టార్పాలిన్ కింద ఒక తెల్ల కారు ఉంటుంది. వెనక సీట్లు లేవు, ఏసీ లేదు, లోపలంతా ఇనుప పైపుల పంజరం. 2018లో నేనూ మా బావమరిదీ చెరిసగం వేసుకొని చెన్నైలో కొన్నాం. కరోనా ఏడాది తీసేస్తే ఆరు సీజన్లు కారు రేసుల్లో నడిపాం. కంపెనీ పేరు రాయను. పెళ్లాం పిల్లలతో యాదగిరిగుట్టకు పోవడానికి చేసిన బండిని మేం రేసులో తిప్పుతున్నాం. పాడైతే వాళ్లను అనడం న్యాయం కాదు.

ధాన్యం లెక్కలు రాసే పాత లెడ్జర్‌లోనే దీని లెక్కా రాశాను. మొత్తం 34 రేసులు మొదలుపెట్టాం, 11 పూర్తి చేయలేకపోయాం. ఒకసారి వెనక నుంచి ఎవరో గుద్దారు. ఇంజన్ పోయింది ఒక్కసారే. మిగతా తొమ్మిదీ చిల్లర సామాన్ల పుణ్యమే: యాక్సిలు, హోస్ క్లిప్పు, వైరు, యాక్సిల్ జాయింటుకు తొడిగే రబ్బరు బూటు. అందుకే ఎవరైనా "ఇంజన్ ఎట్లుందన్నా?" అని అడిగితే నవ్వొస్తుంది. ఇంజన్ బంగారం. దాని చుట్టూ ఉన్నవే మా ప్రాణం తీశాయి.

ఆ ఒక్క ఇంజన్ సంగతి ముందు చెప్తాను. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్ 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. పొడుగాటి మలుపులో కారు ఒకే పక్కకు ఒరిగి ఉంటే ఆయిల్ ఛాంబర్‌లో నూనె అంతా ఓ మూలకు పోతుంది. పంపు నూనెకు బదులు గాలి పీలుస్తుంది. మామూలు రోడ్డు మీద ఆ పరిస్థితి రాదు, అందుకే ఛాంబర్‌లో అడ్డుపలకలు పెద్దగా ఉండవు. మలుపు మధ్యలో ఆయిల్ లైటు రెప్పపాటు వెలిగి ఆరిపోయేది. "వైరు లూజు అయ్యుంటది బావా" అన్నాడు మా వాడు. నేనూ నమ్మాను. మూడో రేసులో కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయింది. తర్వాత మా మిల్లు ఎలివేటర్ బకెట్లు వెల్డింగ్ చేసే మనిషితోనే ఛాంబర్‌లో అడ్డుపలకలు వేయించాం. అర లీటరు నూనె ఎక్కువ పోస్తున్నాం. మళ్లీ ఆ లైటు వెలగలేదు.

ఇక నా సిగ్గుచేటు కథ. బాయిల్డ్ మిల్లు నడిపేవాడికి నీళ్ల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. బాయిలర్‌కు బోరు నీళ్లు నేరుగా పోస్తే ట్యూబులకు ఉప్పు పట్టి నాశనమవుతాయి. అందుకే సాఫ్ట్‌నర్ పెట్టుకున్నాం, రోజూ టెస్ట్ చేస్తాం. అంత తెలిసిన నేను కారు రేడియేటర్‌లో మాత్రం రెండేళ్లు బోరు నీళ్లే పోశాను! నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. అది మనుషుల పళ్లకూ ఎముకలకూ శత్రువు. రేడియేటర్‌ను చంపేది మాత్రం కాల్షియం, మెగ్నీషియం. రేసులో పది నిమిషాలకే టెంపరేచర్ ముల్లు పైకి పోయేది. మేమేమో థర్మోస్టాట్ మార్చాం, ఫ్యాన్ మార్చాం, క్యాప్ మార్చాం. చివరికి మెకానిక్ భాయ్ రేడియేటర్ విప్పి చూపిస్తే గొట్టాల్లో సగం సున్నం. "సేటు, బాయిలర్‌కు ఒక న్యాయం, బండికి ఒక న్యాయమా?" అన్నాడు. అప్పట్నుంచి డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకోటి పోయలేదు.

బ్రేకుల విషయంలోనూ తప్పు నాదే. కోయంబత్తూరు ట్రాక్ చిన్నది, 2.1 కిలోమీటర్లు. మలుపులు వెంటవెంటనే వస్తాయి, బ్రేకులు చల్లారే టైం దొరకదు. ముందు సీజన్‌లో మూత తీసి సగం వాడిన బ్రేక్ ఆయిల్ సీసా ఉంటే అదే పోశాను. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలొచ్చి, పెడల్ తొక్కినా బ్రేకు పట్టదు. వానాకాలమంతా షెడ్డులో ఉన్న సీసా అది. ఏడో ల్యాపులో పెడల్ నేలకు తగిలింది. రెండు మూడుసార్లు పంపు కొడితే కొంచెం పట్టింది, కారు కంకర్లోకి పోయి ఆగింది. నాకేం కాలేదు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

యాక్సిళ్ల గురించి ఎక్కువ రాయను, రాస్తే బీపీ వస్తుంది. కారును కిందికి దించితే యాక్సిల్ కోణం మారి దాని చివరన తిరిగే సీవీ జాయింట్ మీద భారం పడుతుంది. బూటు చిరుగుతుంది, గ్రీజు పోతుంది, మలుపులో టకటకమంటుంది. లోకల్ బూటు ఒక్క వీకెండ్ కూడా ఆగదు. మూడు రేసులు దీని ఖాతాలోనే.

అన్నింటికన్నా ఎక్కువ ఏడిపించింది మిస్‌ఫైర్, అంటే పెట్రోల్ సరిగ్గా అంటుకోక ఇంజన్ దగ్గడం. చల్లగా ఉన్నప్పుడు గడియారంలా నడుస్తుంది. ట్రాక్ మీద పావుగంట తిరిగాక దగ్గడం మొదలు. పిట్‌లోకి తెచ్చి బానెట్ ఎత్తి చూసేలోగా చల్లారిపోతుంది, మళ్లీ బాగుంటుంది. హైవే మీద అంత వేగంగా టెస్ట్ చేయలేం, చేయకూడదు కూడా. అంటే జబ్బు పడేది ఒక చోట, వైద్యం ఇంకో చోట. మధ్యలో వాడపల్లి వంతెన, పిడుగురాళ్ల, అద్దంకి, ఒంగోలు, నెల్లూరు దాటుకుంటూ దాదాపు 500 కిలోమీటర్ల డీసీఎం ప్రయాణం. ఎక్కించడానికి మాత్రం ఇబ్బంది లేదు, బస్తాలు లోడు చేసే ప్లాట్‌ఫామ్ ఉందిగా. దాని మీంచి నేరుగా డీసీఎంలోకి.

ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, కాయిల్, పెట్రోల్ పంపు, అన్నీ కొత్తవి వేశాం. ఒక సీజన్ సగం పోయింది. ఓ సాయంత్రం కరెంటు లేక ఖాళీగా కూర్చున్న మా మిల్లు ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ పట్టుకొని వచ్చాడు. ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, ఇంకో కొస ఇంజన్‌కు పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. సున్నాకు దగ్గరగా ఉండాల్సిన రీడింగ్ వోల్టు దాటింది. "ఎర్తు సక్కగ లేదు సార్" అన్నాడు. అంటే ఇంజన్ నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగి పోయే దారి. పైపుల పంజరానికి రంగు వేయించినప్పుడు పెయింటర్ ఎర్త్ బోల్టు కింద కూడా శుభ్రంగా రంగు వేశాడు! వేడెక్కి అదిరేసరికి ఆ కాస్త పట్టు కూడా వదిలేస్తోంది. రంగు గీకి, కొత్త బోల్టు, వాషరు వేస్తే 20 రూపాయలు. అంతకుముందు మార్చిన సామాన్ల బిల్లు లెడ్జర్‌లో ఉంది, ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇలాంటి బండి ఎవరైనా కొంటుంటే ఇంజన్ సౌండు విని మురిసిపోకండి. జాకీ ఎత్తి బూట్లు చూడండి, రేడియేటర్ మూత తీసి లోపల వేలు పెట్టి చూడండి, ఎర్త్ బోల్టు విప్పించండి. అమ్మేవాడు "అవన్నీ ఎందుకు సార్" అన్నాడంటే ధర అక్కడే తగ్గించొచ్చు.

మేం అమ్మట్లేదు. పోయిన రేసులో సైలెన్సర్ బ్రాకెట్ విరిగితే బైండింగ్ తీగతో కట్టి ఎలాగో చివరిదాకా లాగాం. రేసుకు ముందు బండిని తనిఖీ చేసే స్క్రూటినీలో మళ్లీ ఆ తీగను ఒప్పుకోరు. వెల్డింగ్ మనిషేమో ఎలివేటర్ పనిలో ఉన్నాడు, గురువారం వస్తానన్నాడు.