శరీరధర్మశాస్త్రం: వ్యవస్థల వారీగా చదవడం మేలా, ఒక మార్పును వెంబడించి చదవడం మేలా?

ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ కోర్సుల మొదటి ఏడాదిలో శరీరధర్మశాస్త్రం (ఫిజియాలజీ) చదివేవారి ముందు రెండు దారులు ఉంటాయి. రక్తప్రసరణ, శ్వాస, విసర్జన, నాడీ, అంతఃస్రావ వ్యవస్థలను ఒక్కొక్కటిగా ముగించుకుంటూ పోవడం మొదటిది. శరీరంలో వచ్చిన ఒక మార్పును పట్టుకొని, దానిని సరిదిద్దడానికి ఏయే అవయవాలు ఏ వరుసలో పనిచేస్తాయో వెంబడించడం రెండోది. చాలామంది మొదటి దారిలో బయలుదేరి అక్కడే ఆగిపోతారు. నా దృష్టిలో అసలు నష్టం అదే.

వ్యవస్థల వారీ చదువును తీసిపారేయలేం. విశ్రాంతిలో గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటూ ప్రతిసారీ 70 మిల్లీలీటర్ల రక్తాన్ని పంపితే మొత్తం సుమారు 5 లీటర్లు అవుతుంది. అందులో ఐదో వంతు పైగా మూత్రపిండాలకే వెళుతుంది. అవి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రంగా బయటికి పంపుతాయి. ఈ అంకెలు, వాటి వెనుక ఉన్న నిర్మాణం మనసులో కుదురుకోవాలంటే అధ్యాయం ముందు కూర్చోవలసిందే. కండర సంకోచం, రంగుల దృష్టి వంటివి కూడా అలా చదివితేనే వస్తాయి. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1927లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి వెల్లడించిన ఫాస్ఫోక్రియాటిన్ అనే రసాయనం కండరంలో ఏ పని చేస్తుందో తెలియాలంటే కండర కణం లోపలికే వెళ్లాలి.

అయితే ఈ పద్ధతిలో పెద్ద లోపం ఉంది. రెనిన్ అనే ఎంజైమ్ మూత్రపిండాల అధ్యాయంలో, అది పనిచేసే యాంజియోటెన్సినోజెన్ అనే ప్రోటీన్ కాలేయం దగ్గర, దానిని చివరి రూపానికి మార్చే ఎంజైమ్ ఊపిరితిత్తుల దగ్గర, ఉప్పును నిలిపే ఆల్డోస్టిరోన్ హార్మోన్ అధివృక్క గ్రంథి దగ్గర వస్తాయి. నిజానికి ఇదంతా రక్తపోటును నిలబెట్టే ఒకే గొలుసు, కానీ విద్యార్థి దానిని నాలుగు ముక్కలుగా బట్టీపడతాడు.

ఇదే రక్తపోటు విషయాన్ని రెండో దారిలో చూద్దాం. పడుకున్న మనిషి లేచి నిలబడగానే దాదాపు అర లీటరు రక్తం కాళ్లలోని, పొత్తికడుపులోని సిరల్లోకి దిగుతుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి, రక్తపోటు పడిపోబోతుంది. మెడలోని కరోటిడ్ ధమని గోడ సాగడం తగ్గిన సంగతి తొమ్మిదో కపాల నాడి ద్వారా మెదడు అడుగు భాగమైన మెడుల్లాకు చేరుతుంది. వెంటనే శరీరాన్ని అప్రమత్తం చేసే సహానుభూత నాడులు పుంజుకొని, గుండె వేగం పెరిగి, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇదంతా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. ప్రాక్టికల్ తరగతిలో తోటి విద్యార్థిని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మరోసారి నాడి, రక్తపోటు చూస్తే, నాడి వేగం పెరిగినా సిస్టాలిక్ అంకె (రక్తపోటులో పై అంకె) పెద్దగా మారదు. వేసవిలో చెమట రూపంలో నీరు, ఉప్పు పోయినప్పుడు ఈ నాడీ స్పందన ఒక్కటే చాలదు. అప్పుడు రెనిన్ గొలుసు నిమిషాల నుంచి గంటల వ్యవధిలో అందుకుంటుంది, మూత్రపిండాలు రోజుల తరబడి ఉప్పును నిలుపుకుంటాయి. నాడులు, హార్మోన్లు, మూత్రపిండాలు తమ తమ వేగంతో ఒకే పనిని పంచుకుంటాయన్న సంగతి విడివిడి అధ్యాయాల్లో కనిపించదు.

ఈ దారికీ ఇబ్బంది ఉంది. నెఫ్రాన్ (మూత్రపిండంలో వడపోసే సూక్ష్మ భాగం) ఏమిటో తెలియనివారు రెండో అడుగులోనే తడబడతారు. పరీక్షల్లో ప్రశ్నలు కూడా ఎక్కువగా అధ్యాయాల వారీగానే వస్తాయి. 2019లో ఎంబీబీఎస్‌లో ప్రవేశపెట్టిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక సబ్జెక్టుల అనుసంధానాన్ని కోరుతోంది. అయినా ఆ అనుసంధానం తరగతి గదిలో ఎంత జరిగినా, మిగిలినది విద్యార్థి సొంతంగా చేసుకోవలసిందే.

అందుకని తొలి పఠనానికి వ్యవస్థల వారీ పద్ధతే మేలని నా అభిప్రాయం. కానీ గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలను మధ్యలో విరామం లేకుండా వరుసగా చదవాలి. రెండో పఠనంలో మాత్రం అధ్యాయాలను పక్కనపెట్టి రక్తపోటు, రక్తంలోని ఆమ్లత, గ్లూకోజు, శరీర ఉష్ణోగ్రత అనే నాలుగు దారాలను తెల్ల కాగితంపై మొదటి నుంచి చివరి వరకు గీయాలి. సమయం తక్కువైతే మొదటి రెండూ చాలు. రోగి మంచం పక్కన నిలబడి క్షణక్షణం మార్పులు గమనించవలసిన నర్సింగ్ విద్యార్థులు ఈ రెండో పఠనానికే ఎక్కువ సమయం ఇవ్వాలి.