పిల్లలు పొర్లి ఏడుస్తుంటే ఫోనా, దెబ్బా, వదిలేయడమా, పక్కన కూర్చోవడమా? ఏది మేలు?

అంతర్వేది దర్శనం చేసుకుని తిరిగి వస్తున్నాం. సఖినేటిపల్లి రేవులో పంటు, అదే గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కితే అవతల నరసాపురం. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడ్చేస్తోంది. మా వాడికి అప్పటికి రెండేళ్ల ఎనిమిది నెలలు. రేవు దగ్గర కొబ్బరిబొండం కొట్టించాం, అమ్మే ఆయన ప్రేమగా స్ట్రా కూడా తనే గుచ్చి వాడి చేతికిచ్చాడు. అంతే. స్ట్రా వాడే గుచ్చాలట. బొండం విసిరికొట్టి, పంటు ఎక్కేసరికి చెమటతో తడిసిపోయి, వెనక్కి విల్లులా వంగిపోతూ ఒకటే ఏడుపు. ఇంజిను మోత, బైకుల మధ్య కాలు పెట్టే చోటు లేదు. ఒకావిడ "ఫోను ఇవ్వండమ్మా, ఊరుకుంటాడు" అంది. వెనకనుంచి ఒక పెద్దాయన "రెండు తగిలించండి, దారికొస్తాడు" అన్నాడు. మా ఆయన ఇంకో బొండం కొన్నారు కదా, దాన్నీ స్ట్రానీ విడివిడిగా వాడి చేతిలో పెట్టారు. దాన్నీ తోసేశాడు.

నాకు కళ్లు తెరిపించింది ఆ రెండో బొండమే. అడిగింది ఇచ్చినా ఏడుపు ఆగలేదంటే ఆ ఏడుపు స్ట్రా కోసం కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేపాం, సరిగ్గా టిఫిన్ తినలేదు, క్యూలో జనం, మైకులు, ఉక్కపోత. ఇన్నీ నిండిపోయి ఉన్నాయి వాడిలో, స్ట్రా దగ్గర ఒలికింది.

మనం అన్నిటికీ కలిపి 'మొండి' అని ఒకటే మాట వాడేస్తాం గానీ ఇందులో రెండున్నాయి. ఒకటి పేచీ. కావాల్సింది సాధించుకోవడానికి ఏడుస్తాడు, మధ్యమధ్యలో మనం చూస్తున్నామా లేదా అని ఓరగా చూస్తాడు, ఆ వస్తువు చేతికొస్తే టక్కున ఆపేస్తాడు. రెండోది మెల్ట్‌డౌన్ అంటున్నారే, అది. తట్టుకోలేక తెగిపోవడం. అప్పుడు వాడికి మన మాట చెవికెక్కదు, ఏమిచ్చినా అక్కర్లేదు, వాడికి వాడే ఆపుకోలేడు. పేచీగా మొదలై రెండోదానిలోకి జారిపోవడం కూడా రోజూ చూసేదే. కోపాన్ని పట్టి ఉంచే మెదడు భాగం నుదుటి వెనక ఉంటుంది, అది పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవై అయిదేళ్ల దాకా పడుతుంది. మూడేళ్లవాడి దగ్గర అది ఇంకా మొలక దశలోనే ఉంది. పైగా "నాకు నిద్రొస్తోంది, ఈ మోత భరించలేకపోతున్నా" అని చెప్పే మాటలూ లేవు. ఒకటిన్నర నుంచి మూడు, నాలుగేళ్ల వయసులో ఇవి ఎక్కువగా రావడం అందుకే. పెంపకం చెడిపోయిందని కాదు.

ఇక ఏది మేలో చూద్దాం. నాలుగూ మా ఇంట్లో జరిగినవే.

ఫోన్ ఇస్తే నిమిషంలో ఊరుకుంటాడు, అందులో అబద్ధం లేదు. బస్సులోనో పెళ్లిలోనో పదిమందిలో తల కొట్టేసినట్టు ఉన్నప్పుడు చెయ్యి దానంతటదే బ్యాగులోకి పోతుంది. కానీ ఊరుకున్నాడు గానీ కుదుటపడలేదు. ఫోన్ తీసుకోగానే అదే ఏడుపు, ఈసారి ఫోన్ కోసం. అంటే ఒకటి తగ్గించబోయి రెండోది తెచ్చుకున్నాం. ఏడిస్తే ఫోన్ వస్తుందని వారంలో నేర్చేసుకుంటారు, ఏడుపు వస్తే ఎలా తగ్గించుకోవాలో మాత్రం నేర్చుకోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం రెండేళ్లు నిండేదాకా స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించకూడదు, అదీ ఎంత తక్కువైతే అంత మంచిది. ఏడ్చినప్పుడల్లా ఇస్తే ఆ గంట పొద్దున్నే అయిపోతుంది.

దెబ్బ గురించి నేను మెత్తగా మాట్లాడలేను. ఒకసారి కొట్టాను, తొడ మీద. వెంటనే నోరు మూసుకున్నాడు. ఆ రాత్రి నిద్రలో కూడా వెక్కిళ్లు పెడుతూనే ఉన్నాడు, ఆ శబ్దం నాకింకా చెవిలో ఉంది. అది తగ్గడం కాదు, భయంతో బిగుసుకుపోవడం. అప్పటికే పొంగిపోతున్న పాలకుండ కింద ఇంకో పుల్ల ఎగదోసినట్టు. రెండ్రోజులకి వాడు పక్కింటి పాపని కొట్టి, అచ్చం నేనన్నట్టే "నోరుముయ్" అన్నాడు. "బూచోడికిచ్చేస్తా", "వదిలేసి వెళ్లిపోతా" అని బెదిరించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది, కాకపోతే చెయ్యి ఎత్తం. మమ్మల్నీ కొట్టే పెంచారు, బాగానే ఉన్నాం కదా అంటారు పెద్దవాళ్లు. పెంచినవాళ్లు ప్రేమించారు, అందుకని బాగున్నారు. దెబ్బల వల్ల కాదు.

వదిలేయడంలో కొంత మంచి ఉంది, కొట్టిపారేయను. అది పేచీకి పనిచేస్తుంది. రెండో చాక్లెట్ కోసం అరుస్తుంటే ఆ అరుపుకి జవాబివ్వకుండా మన పని మనం చేసుకోవడం, అరుపు ఆపగానే దగ్గరకి తీసుకోవడం. ఇక్కడ కూడా కంటికి కనిపించేంత దూరంలో ఉండాలి, గదిలో పెట్టి తలుపేయడం వదిలేయడం కాదు, శిక్ష. మెల్ట్‌డౌన్‌లో ఉన్నవాణ్ణి వదిలేస్తే మాత్రం మునుగుతున్నవాణ్ణి ఒడ్డున నిలబడి చూసినట్టే.

మా అత్తయ్యగారిది ఇంకో దారి. ముఖం ముడుచుకోవడం చూడగానే చంకనేసుకుని కాలవగట్టుకి తీసుకెళ్లిపోతారు, బాతులు చూపిస్తారు, అవతలి తోటలో చెట్టెక్కి కొబ్బరికాయల దింపు తీసేవాళ్లని చూపిస్తారు. ఏడుపు అందుకోకముందు దీన్ని మించింది లేదు, చిన్నపిల్లలకి మరీను. ఒకసారి అందుకున్నాక "అదిగో బాతు" అంటే ఇంకా రెచ్చిపోతాడు. టైమింగే అంతా.

నేను మేలనేది నాలుగోది, పక్కన కూర్చోవడం. వినడానికి చాలా తేలిక, చేయడానికి అన్నిటికన్నా కష్టం. ఆరోజు నరసాపురం రేవులో దిగగానే ఎవరి మాటా వినకుండా వాణ్ణి ఎత్తుకుని నీడపట్టున కూర్చున్నాను. తువ్వాలు తడిపి మెడ వెనక, పాదాలకి అద్దాను. ఏమీ మాట్లాడలేదు. పది నిమిషాల్లో ఊపిరి సర్దుకుని భుజం మీదే నిద్రపోయాడు. ముందు వాణ్ణి మోత నుంచి, వేడి నుంచి తప్పించాలి, మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇంట్లో అయితే నేల మీద వాడి ఎత్తుకి కూర్చుంటాను. "కోపం వచ్చింది కదా నాన్నా, నేనిక్కడే ఉన్నా." అంతకు మించి మాటలొద్దు. ఎందుకేడుస్తున్నావ్ అని అడగొద్దు, నీతులు అసలొద్దు, అవి రేపు చెప్పుకోవచ్చు. ముట్టుకుంటే తోసేస్తే ముట్టుకోను, చెయ్యి చాపి ఉంచుతాను. తల నేలకేసి కొట్టుకుంటే కింద దిండు పెడతాను. ముఖ్యమైనది ఇది: కుదరదన్నది కుదరదు. చాక్లెట్ ఇవ్వనన్నాను, ఇవ్వను, కానీ నువ్వేడుస్తున్నంతసేపూ నీ పక్కనుంటాను. ఈ రెండూ కలిపి చేస్తేనే గారం కాకుండా ఉంటుంది. పొయ్యి మీద అన్నం మాడింది, చుట్టాల ముందు మాటలు పడ్డాను, నిజమే. రెండు నెలలకి వాడే వచ్చి "అమ్మా, కోపం వచ్చింది" అన్నాడు, ఏడుపు ఉంది గానీ పొర్లడం లేదు. ఇంట్లో ఒకరు పక్కన కూర్చుని ఇంకొకరు వెనకనుంచి ఫోన్ అందిస్తే మాత్రం ఇది ఎన్నాళ్లకీ పనిచేయదు, అత్తయ్యగారితో ముందే మాట్లాడుకున్నాం.

రోజూ వస్తుంటే మాత్రం నిద్ర లెక్క చూడండి. ఏడాది, రెండేళ్ల పిల్లలకి రోజుకి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటలు, పగటి కునుకుతో కలిపి. రాత్రి పదకొండింటిదాకా టీవీ మోగే ఇంట్లో అది ఎక్కడ కుదురుతుంది?

కొందరు గుక్కపట్టి నీలంగా మారిపోతారు, ప్రాణం పోయినంత పనవుతుంది మనకి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఊపొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు, సాధారణంగా నిమిషం లోపే తేరుకుంటారు. అంతకు మించితే వెంటనే ఆసుపత్రికే. మొదటిసారి వచ్చినప్పుడు ఎలాగూ డాక్టరుకి చూపించాలి, రక్తంలో ఐరన్ తక్కువున్నా ఇది వస్తుంది, పరీక్ష చేస్తారు. దిష్టి తీస్తే తీయండి, పరీక్ష మాత్రం మానొద్దు.

అయిదేళ్లు దాటినా ఈ పొర్లి ఏడవడం రోజూ వస్తున్నా, అరగంట దాకా సాగుతున్నా, తనని తాను గాయపరుచుకుంటున్నా, రెండేళ్లకి రెండు మాటలు కలిపి చెప్పలేకపోతున్నా, పిలిస్తే తిరిగి చూడకపోయినా, మిక్సీ మోతకి చెవులు మూసుకుని వణికిపోతున్నా 'పెద్దయితే అదే పోతుంది' అని కూర్చోవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వైద్య బృందం రావాలి, ఎప్పుడొస్తారో టీచరుని అడగండి. అవసరమైతే జిల్లా స్థాయిలో డీఈఐసీ అనే, పిల్లల ఎదుగుదలలో తేడాల్ని ముందే గుర్తించి చూసే కేంద్రానికి వాళ్లే రాసి పంపిస్తారు, అక్కడ డబ్బు తీసుకోరు. వెళ్లేముందు ఒకటి రెండుసార్లు ఆ ఏడుపుని దూరం నుంచి వీడియో తీసి పెట్టుకోండి, ఎన్నింటికి మొదలైంది, ఎంతసేపుంది, ఆరోజు ఏం తిన్నాడు, ఎంత పడుకున్నాడు అన్నది క్యాలెండర్ మీదే రాసుకోండి. డాక్టరు గదిలో వాడు బుద్ధిగా కూర్చుంటాడు, అప్పుడు చూపించడానికి మన దగ్గర ఉండేవి అవే.