తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం: చెన్నైలో ఆల్-అనాన్ మీటింగ్

తాగుడు మాన్పించే చోటు కోసం వెతుకుతున్నవాళ్లకు ముందే చెప్తున్నాను, ఇది అది కాదు. ఆల్-అనాన్ తాగేవాళ్ల అమ్మలకు, భార్యలకు, తోబుట్టువులకు. తాగుడు మానాలనుకునేవాళ్ల బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్ వ్యవస్థాపకుల్లో ఒకరి భార్య లోయిస్, ఇంకో ఆవిడతో కలిసి 1951లో మొదలుపెట్టారు. ఫీజు లేదు. అద్దెకీ టీకీ ఒక సంచి తిప్పుతారు, వేయకపోయినా ఏమీ అనుకోరు. ఇంటిపేరు ఏంటి, ఏ చర్చి అని ఎవరూ అడగరు. మా ఇంట్లో తాగేది తమ్ముడు; ఎవరూ ఏమీ అడగరని విన్నాకే అయనావరం నుంచి మా అమ్మ నాతో బయల్దేరింది. చర్చిలో తెలిస్తే ఏమనుకుంటారో అన్నదే ఆవిడ టెన్షన్.

ఒకళ్లు మాట్లాడుతుంటే ఇంకొకళ్లు అడ్డురారు, సలహాలివ్వరు. "పెళ్లి చేస్తే వాడే దారిలో పడతాడు" అనే బంధువుల మధ్య బతికే మాకు అదే పెద్ద ఊరట. అతని తాగుడు మీ వల్ల రాలేదు, మీ అదుపులో లేదు, మీరు నయం చేయలేరు అని చెప్తారు. మొదటి మాటకే అమ్మ ఏడ్చేసింది.

అక్కడ విన్నవి అక్కడే వదిలెయ్యాలి కాబట్టి మా ఇంటి సంగతే చెప్తాను. తమ్ముడు తాగి లేవలేకపోతే ఆఫీసుకు ఫోన్ చేసి "జ్వరమండీ" అని చెప్పేది అమ్మే. ఒక సోమవారం సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే, ఆ ఫోన్ తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టింది. "నీకేరా, నువ్వే మాట్లాడుకో." ఆవిడ చెయ్యి వణుకుతోంది. వాడు అరిచాడు. అమ్మ తిరిగి ఒక్క మాట అనకుండా వంటింట్లోకి వెళ్లి ఇడ్లీ పెట్టుకొచ్చింది. ఆ రోజు జీతం కట్ అయింది, ఆ లోటు పూడ్చడానికి ఆవిడ తన పెన్షన్ ముట్టుకోలేదు.

ఇది ప్రేమ తగ్గడం కాదా అని మా చర్చిలో ఒకావిడ అడిగింది. ముప్పై ఎనిమిదేళ్లుగా జబ్బుతో ఉన్నవాణ్ణి కూడా యేసు ముందు "స్వస్థపడ గోరుచున్నావా" అనే అడిగాడు. మార్కు 10లో, ఆస్తి అమ్మి పేదలకిచ్చి తన వెంట రమ్మని చెప్పిన ధనవంతుణ్ణి కూడా యేసు ప్రేమించాడనే ఉంది. అయినా అతను దుఃఖంతో వెళ్లిపోతుంటే, చెప్పిన మాట కాస్త తగ్గించి వెనక్కి పిలవలేదు. ఒకరి భారం ఒకరు మోయమన్న గలతీ 6లోనే ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలనీ ఉంది. అన్నం పెట్టడం, ప్రార్థించడం, ఆసుపత్రికి తోడెళ్లడం అమ్మ చేస్తుంది. అప్పు, అబద్ధం వాడివి.

నాకు వెలితి అనిపించింది ఒకటే. అన్ని మతాలవాళ్లూ వస్తారు గనుక అక్కడ యేసు పేరు వినపడదు, దేవుడు ఎవరికి అర్థమైనట్టు వాళ్లకే అంటారు. అమ్మ మనసులో ఆ పేరు తనే చేర్చుకుంటుంది. పైగా మేం వెళ్లే చోట అంతా తమిళమే, కొత్తగా చెన్నై వచ్చిన తెలుగువాళ్లకు కష్టం.

తమ్ముడు ఇంకా తాగుతున్నాడు. అయినా మీటింగ్‌కి నేను తక్కువ మార్కులు వేయను. అమ్మకు నిద్ర పడుతోంది, వాడి పక్కన కూర్చుని మామూలు కబుర్లు చెప్పగలుగుతోంది.

ఇంట్లో కొట్టే మనిషి ఉంటే మాత్రం ఇది సరిపోదు, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, డాక్టరు దగ్గరే మాన్పించాలి. ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలంటే మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది.